పాత రంగు ఊడదీయడానికి ఏది మేలు: రిమూవరా, కాస్టిక్ సోడానా, హీట్ గన్నా, సాండ్ పేపరా?

దసరాకో పెళ్లికో ఇంటికి రంగులు వేయిద్దామనుకోగానే పెయింటర్ అడిగే మొదటి మాట ఒకటే: పాతది గీకాలా, మీదనే కొట్టాలా? పది ఇళ్లలో ఏడెనిమిదింటికి సరైన జవాబు "మీదనే కొట్టు". పాత పూత గట్టిగా పట్టుకుని ఉంటే 180 నంబరు సాండ్ పేపర్‌తో తడిపి రుద్ది, మెరుపు పోగొట్టి, తుడిచి కొత్త రంగు వేస్తే చాలు. రిమూవర్ డబ్బా కొనడం అంటే ఖర్చు, వాసన, ప్రమాదం మూడూ కలిపి ఇంటికి తెచ్చుకోవడమే. అవసరం లేనిచోట దాన్ని తెరవకపోవడమే తెలివి.

పట్టు ఉందో లేదో తేల్చడానికి పెద్ద పరికరం అక్కర్లేదు. కొత్త బ్లేడుతో పూత మీద ఒకదాన్నొకటి దాటే రెండు గీతలు, గుణకారం గుర్తులా, నాలుగేసి సెంటీమీటర్ల పొడవున చెక్కో ఇనుమో తగిలేదాకా కోయాలి. దాని మీద మంచి సెల్లో టేపు అంటించి, గోటితో బాగా రుద్ది, ఒక్క ఊపున లాగాలి. గీతల పక్కన పెచ్చులు టేపుతో వచ్చేస్తే మీద ఏ రంగు వేసినా అది పాతదానితో కలిసి ఊడుతుంది. తలుపు కింది భాగం, వాన జల్లు పడే వైపు, గొళ్లెం చుట్టూ, ఇలా నాలుగైదు చోట్ల చూడాలి.

పూర్తిగా తీయక తప్పని సందర్భాలు కొన్నే. టేకు తలుపుకు రంగు పోగొట్టి పాలిష్ పట్టించాలనుకున్నప్పుడు. పొరల మీద పొరలు పేరుకుని చెక్కడం పూడిపోయినప్పుడు, తలుపు దర్వాజలో ఇరుక్కుంటున్నప్పుడు. గ్రిల్లు మీద పూత కింద తుప్పు ఉబ్బినప్పుడు. ఇంకొకటి చాలామందికి తట్టదు: పాత ఎనామిల్ (ఆయిల్ పెయింట్) మీద థిన్నర్‌తో కలిపే డ్యూకో రంగు కొట్టాలనుకున్నప్పుడు. ఆ థిన్నర్ కింది ఎనామిల్‌ను ముడతలు పడేలా లేపేస్తుంది, అందుకని ముందే తీసేయాలి.

ముందు ఆ పూత ఏమిటో తెలుసుకోండి

రిమూవర్ కొనేముందు తలుపు వెనుక కనబడని మూలలో రెండు పరీక్షలు చేయండి. దూదిని పాలిష్ స్పిరిట్‌లో ముంచి రెండు నిమిషాలు అదిమి పట్టండి. పూత జిగటగా మారి దూదికి అంటితే అది లక్కతో చేసిన ఫ్రెంచ్ పాలిష్. దానికి రిమూవర్ దండగ, స్పిరిటూ బనియన్ గుడ్డా చాలు. పాత మంచాలు, అద్దాల బీరువాలు, రోజ్‌వుడ్ కుర్చీలు చాలావరకు ఈ కోవలోవే.

స్పిరిట్‌కు కదలకపోతే అదే పని ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) థిన్నర్‌తో చేయండి. కరిగి జారితే లాకరు. కరగకుండా ముడతలు పడి పైకి లేస్తే మామూలు ఆయిల్ పెయింట్, అంటే ఎనామిల్. ఏమీ కాకుండా రాయిలా ఉంటే పీయూ (పాలీయూరిథేన్), మెలమైన్, ఎపాక్సీ, లేదా కొత్త గేట్లకు వచ్చే పౌడర్ కోటింగ్. ఈ చివరి జాతికి కాస్టిక్ సోడా పెద్దగా పనిచేయదు. బలమైన రిమూవర్ కూడా రెండు మూడు పూతలు అడుగుతుంది.

ఇప్పుడు సీసం సంగతి. ఇళ్లకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90 పాళ్లు) దాటకూడదన్న నిబంధనలు మన దేశంలో 2016లో వచ్చాయి, 2017 నవంబరు 1 నుంచి అమల్లో ఉన్నాయి. అంతకుముందు వేసిన ఆయిల్ పెయింట్‌లో, అందులోనూ పసుపు, నారింజ, ఎరుపు, ఆకుపచ్చ రంగుల్లో, సీసం ఉందనుకునే పని మొదలుపెట్టాలి. మన దగ్గర దీనికి మొదటి అనుమానితురాలు ఇంటి కడప, అంటే గడప. రోజూ పసుపు రాయలేక పసుపుపచ్చ ఎనామిల్ వేసి, ఎర్రటి తెల్లటి చుక్కలు పెట్టి, పండుగ పండుగకూ మళ్లీ వేసుకుంటూ వచ్చిన కడపల మీద ఆ రంగు అట్టలు కట్టి ఉంటుంది. పసిపిల్లలు పాకేదీ, చేతులు ఆనించేదీ దాని మీదే. అలాంటిదాన్ని పొడిగా సాండ్ పేపర్‌తో రుద్దడం ఈ వ్యాసంలో చెప్పే అన్ని పద్ధతుల్లోకీ చెడ్డది. అన్నట్టు, గ్రిల్లుల మీద ఎర్రగా కనిపించే ప్రతి ప్రైమరూ సీసం కాదు. రెడాక్సైడ్ అంటే ఇనుప ఆక్సైడ్. పాతకాలపు రెడ్ లెడ్ వేరు, అది నారింజ ఛాయతో ఉంటుంది. చూపుతో తేల్చలేం కాబట్టి పాతదైతే రెంటినీ ఒకేలా జాగ్రత్తగా చూడాలి.

దుకాణంలో దొరికే రిమూవర్

హన్మకొండలోనో కరీంనగర్‌లోనో హార్డ్‌వేర్ దుకాణంలో "పెయింట్ రిమూవర్" అని అడిగితే సాధారణంగా చేతికొచ్చేది మిథిలీన్ క్లోరైడ్ కలిసినది. దాన్నే డైక్లోరోమీథేన్ అని కూడా రాస్తారు, రసాయన నంబరు 75-09-2. లేబుల్ చిరిగిపోయి ఉంటే బరువు చూడండి: మిథిలీన్ క్లోరైడ్ లీటరు 1.3 కిలోల పైన తూగుతుంది. అందుకే అది ఎక్కువగా ఉన్న లీటరు డబ్బా చేతిలో నీళ్ల డబ్బా కంటే స్పష్టంగా బరువనిపిస్తుంది.

ఇది రంగును కరిగించదు. చిన్న అణువులు పొరలోకి దూరి ఉబ్బిస్తాయి, ఉబ్బిన పొర చెక్క మీద నుంచి పట్టు వదిలి ముడతలుగా లేస్తుంది. పది ఇరవై నిమిషాల్లో మూడు నాలుగు పొరల ఎనామిల్ లేచిపోతుంది. చెక్క నల్లబడదు, ఇనుమూ అల్యూమినియమూ సాధారణంగా చెడవు. పనితనంలో దీనికి సాటి ఏదీ లేదు, ఒప్పుకోవాలి.

ప్రమాదంలోనూ అంతే. అమెరికాలో 2000 నుంచి 2011 మధ్య బాత్‌టబ్‌ల పాత పూత దీనితో తీస్తూ 13 మంది చనిపోయారని అక్కడి ఆరోగ్య సంస్థ నమోదు చేసింది. అందరిదీ చిన్న గది, గాలి ఆడని పని. 2019 నుంచి అక్కడ మామూలు జనానికి రంగు తీయడానికి దీన్ని అమ్మడం లేదు. ఆవిరి గాలి కంటే సుమారు మూడు రెట్లు బరువు, నేల మీద పరుచుకుంటుంది. పీల్చినదాంట్లో కొంతభాగం ఒంట్లో కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది, బయటికి వచ్చాక కూడా కొన్ని గంటలపాటు మారుతూనే ఉంటుంది. గుండెజబ్బు, రక్తహీనత ఉన్నవాళ్లు, గర్భిణులు ఆ దరిదాపుల్లో ఉండకూడదు. వాసన ముక్కుకు తెలిసేసరికే మోతాదు హద్దు దాటి ఉంటుంది, కాబట్టి "వాసన రావట్లేదు, ఫరవాలేదు" అన్న లెక్క చెల్లదు. గుడ్డ మాస్కు, కరోనా మాస్కు దీన్ని ఏమాత్రం ఆపవు. బొగ్గు గుళికల మాస్కు కూడా ఈ ఒక్క ఆవిరికి త్వరగా చేతులెత్తేస్తుంది. దీనికి అసలు రక్షణ ఆరుబయట పని చేయడమే.

మన ఎండల్లో ఇంకో చిక్కు ఉంది. మిథిలీన్ క్లోరైడ్ మరిగేది 40 డిగ్రీల దగ్గర. మే నెల మధ్యాహ్నం వరంగల్‌లో నీడలోనే అంతకంటే వేడి. ఎండలో నిలిపిన బండి డిక్కీలో పెట్టుకొచ్చిన డబ్బా మూత తిప్పగానే చిమ్ముతుంది, అదీ సరిగ్గా మొహం మీదికి. వేసవిలో కొనక తప్పకపోతే తెల్లవారి తెచ్చి, డబ్బాను బకెట్ నీళ్లలో గంట చల్లార్చి, మూత మీద మందపాటి గుడ్డ కప్పి, పావు తిప్పు తిప్పి ఆవిరి పోయాక పూర్తిగా తీయాలి. అయినా వేసవిలో పూసిన మందు పని చేయకముందే ఎగిరిపోతుంది, రెట్టింపు ఖర్చు. ఈ పనికి అనువైన కాలం కార్తీకం నుంచి మాఘం దాకా, పొద్దున ఏడు నుంచి పదింటిలోపు, తలుపు మీద ఎండ పడని చోట.

తలుపును బందుల నుంచి ఊడదీసి వాకిట్లోనో పెరట్లోనో రెండు బల్లల మీద పడుకోబెట్టండి. నిలువు తలుపు మీద మందు జారిపోతుంది, పడుకోబెట్టినదాని మీద నిలబడి పని చేస్తుంది. గాలి మీ వీపు వైపు నుంచి వీచేలా నిలబడండి. నీళ్ల సంపు, బావి, మురుగు జాలీ పక్కన వద్దు, బరువైన ఆవిరి అందులోకి దిగుతుంది. షట్టర్ దించిన దుకాణంలో, బాత్‌రూంలో, కిటికీ తెరిచిన గదిలో కూడా ఈ మందు వాడొద్దు. దగ్గరలో బీడీ, సిగరెట్, పొయ్యి, వెల్డింగ్ ఏదీ ఉండకూడదు. అంటుకోవడం ఒక భయం, డబ్బాలో కలిసే మిథనాల్ లాంటివి మండుతాయి. రెండో భయం ఎవరికీ తెలియనిది: మిథిలీన్ క్లోరైడ్ ఆవిరి నిప్పు తగిలితే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. బీడీ కొసన ఉన్న నిప్పు చాలు.

చేతి తొడుగుల విషయంలో దుకాణదారు మాట నమ్మొద్దు. ఆసుపత్రి గ్లవ్స్, పలుచని నైట్రైల్, వంటింటి రబ్బరు గ్లవ్స్ ఈ మందుకు కొన్ని నిమిషాల్లోనే లొంగిపోతాయి. తొడుగులోకి చేరిన మందు బయటికి పోలేక చర్మాన్ని కాలుస్తుంది. తట్టుకునేవి పలుపొరల ల్యామినేట్ గ్లవ్స్, అవి ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. అవి పలుచగా, వదులుగా ఉంటాయి కాబట్టి మీద మందపాటి పొడుగు నైట్రైల్ తొడుగు వేసుకోవాలి. అవి లేకుండా మందపాటి నైట్రైల్ ఒక్కటే ఉంటే మందు చిందిన ప్రతిసారీ వెంటనే మార్చాలి, బ్రష్‌కు పొడుగు పిడి కట్టాలి. కళ్లకు చుట్టూ మూసుకునే గాగుల్స్ కావాలి. చూపు కళ్లద్దాలు పక్కల నుంచి చిందేదాన్ని ఆపవు.

మందు పావు లీటరు చొప్పున స్టీలు గిన్నెలోకి తీసుకుని డబ్బా మూత వెంటనే బిగించండి. ప్లాస్టిక్ మగ్గు, థర్మకోల్ కప్పు కరిగిపోతాయి. కింద తాండూరు బండలు గానీ మొజాయిక్ గానీ ఉంటే అట్టలు పరవండి, నేల మెరుపు పోతుంది. పాత రెండంగుళాల బ్రష్‌తో, ఒకసారికి మూడు నాలుగు చదరపు అడుగుల మేర, అడుగు రంగు కనిపించనంత మందంగా, ఒకే దిశలో వేయాలి. రంగు వేసినట్టు అటూ ఇటూ లాగకూడదు. మందులో మైనం ఉంటుంది, అది పైకి తేలి పొరలా కట్టుకుని ఆవిరిని ఆపుతుంది. మళ్లీ బ్రష్ ఆడిస్తే ఆ పొర చెదిరి మందు ఎగిరిపోతుంది. పైన పలుచని పాలిథీన్ కాగితం కప్పితే ఇంకా మేలు.

ఎక్కువమంది చెడగొట్టుకునేది ఇక్కడే. ముడతలు కనబడగానే ఉత్సాహంగా గీకేస్తారు. పైపొర ఒక్కటే వస్తుంది, అడుగుది జిగటై చెక్క రంధ్రాల్లోకి దిగుతుంది. పదిహేను నిమిషాలాగి పుట్టీ పట్టి మూలతో ఒకచోట గీసి చూడండి. చెక్క కనబడితే గీకండి. కనబడకపోతే గీకకుండా పైనే ఇంకో పూత వేసి మళ్లీ ఆగండి. పుట్టీ పట్టి మూలలు ముందే ఆకురాయితో గుండ్రంగా అరగదీసుకోవాలి, లేకపోతే మెత్తబడిన చెక్కలో గాట్లు పడతాయి. ఎప్పుడూ చెక్క రేఖల వెంబడే గీకాలి. చెక్కడం ఉన్నచోట రంపపు పొట్టు చల్లి, ఇత్తడి బ్రష్‌తోనో కొబ్బరి పీచుతోనో తీయాలి. గుండ్రటి కడ్డీల గాడుల్లో సుతిలి తాడు చుట్టి అటూ ఇటూ లాగితే బురద శుభ్రంగా వస్తుంది.

మద్ది, టేకు చెక్కల మీద స్టీల్ ఊల్ (సన్నటి ఇనుప పీచు) వాడొద్దు. తడి తగలగానే ఇనుప పొడి చెక్కలోని టానిన్‌తో కలిసి నల్లటి మరకలు వేస్తుంది. పడితే ఆగ్జాలిక్ ఆమ్లం లీటరు గోరువెచ్చని నీటికి 50 గ్రాములు కలిపి రాసి, ఆరాక బాగా కడిగితే పోతాయి, కానీ అదీ విషమే, పొడి ముక్కులోకి పోకూడదు.

గీకాక కడగకుండా వదిలేస్తే మైనం చెక్క మీదే ఉండిపోతుంది. కొత్త పాలిష్ ఆరకుండా జిగటగా ఉండటానికీ, చేపకళ్లలా గుంటలు పడటానికీ అదే కారణం. డబ్బా మీద నీళ్లతో కడగమని ఉంటే నీళ్లు, లేకపోతే థిన్నర్ లేదా టర్పెంటాయిల్‌తో, గుడ్డ మార్చుకుంటూ రెండుసార్లు తుడవాలి. చలికాలంలో ఒక రోజు, వానాకాలంలో రెండు రోజులు ఆరనిచ్చి, ముందు 120, ఆపైన 180 కాగితం.

లెక్క కోసం: మందంగా వేస్తే లీటరు ఒక పూతకు 15 నుంచి 20 చదరపు అడుగులు వస్తుంది. ఏడు అడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు తలుపు రెండు వైపులా 42 అడుగులు, రెండు పూతలంటే దగ్గరదగ్గర 5 లీటర్లు. ఈ లెక్క వేశాక చాలామంది వెనుక వైపు రంగు ఉండనీ అనుకుంటారు, అది మంచి ఆలోచనే.

కాస్టిక్ సోడా

చవక, వాసన లేదు, ఆవిరి భయం తక్కువ. ఆయిల్ పెయింట్‌లోని నూనెను సబ్బుగా మార్చేసి పూతను మెత్తబరుస్తుంది. ఇనుప గ్రిల్లులకు, పాత గేట్లకు, ఇనుప మంచాలకు దీన్ని మించింది లేదు. టేకు దర్వాజకు దీన్ని మించిన అపకారీ లేదు. చెక్క నల్లబడుతుంది, పీచు లేస్తుంది, అతుకుల్లో జిగురు వదులవుతుంది. పైగా రంధ్రాల్లో మిగిలిన సోడా కొత్త ఎనామిల్‌ను అడుగు నుంచి సబ్బు చేస్తుంది, మొదటి వానాకాలంలోనే పెచ్చులు లేస్తాయి. వడ్రంగి "కాస్టిక్ పెడితే గంటలో ఐపోతది" అంటే వినొద్దు.

కలిపే తీరు: ప్లాస్టిక్ బకెట్‌లో 5 లీటర్ల చల్లటి నీళ్లు ముందు పోసి, 500 నుంచి 600 గ్రాముల సోడా పిడికెడు పిడికెడుగా చల్లుతూ కర్రతో కలపాలి. ఎప్పుడూ నీళ్లలో సోడా వేయాలి. సోడా మీద నీళ్లు పోస్తే ఒక్కసారిగా మరిగి చిమ్ముతుంది. అల్యూమినియం గిన్నె ముట్టుకోనే కూడదు, సోడా దాన్ని తినేస్తూ హైడ్రోజన్ వదులుతుంది, అది మండే వాయువు. నిలువు గ్రిల్లు మీద జారిపోకుండా మైదాను చల్లటి నీళ్లలో ఉండలు లేకుండా కలిపి కొద్దికొద్దిగా అందులో పోస్తే జిగురులా చిక్కబడుతుంది. పాత నైలాన్ బ్రష్‌తో రాయాలి, జంతు వెంట్రుకల బ్రష్ సోడాలో కరుగుతుంది. ఇరవై ముప్పై నిమిషాలు, ఆరిపోతుంటే మళ్లీ తడుపుతూ ఉంచి, గీకి, పైపుతో కడగాలి.

చివర్లో ఒక పాలు వెనిగర్, రెండు పాళ్ల నీళ్లు కలిపి రుద్ది మళ్లీ కడగండి. సోడా పూర్తిగా పోయిందో లేదో చూడటానికి వంటింటి పసుపు చాలు. పసుపు నీళ్లలో ముంచిన తెల్ల కాగితాన్ని తడి ఇనుము మీద అదిమితే, సోడా మిగిలి ఉంటే హారతి నీళ్లలా ఎర్రబడుతుంది. పసుపుగానే ఉంటే సరి. కడిగిన ఇనుము గంటల్లో తుప్పు పట్టడం మొదలవుతుంది, ఆరిన రోజే రెడాక్సైడ్ ప్రైమర్ పడాలి. సాయంత్రం కడిగి తెల్లవారి ప్రైమర్ కొడదాం అనే ప్లాను వానాకాలంలో పనికిరాదు.

కాస్టిక్ పనికిరాని ఇంకో వస్తువు ఇంటింటా ఉంది: కూలర్. దాని ఒళ్లు జీఐ రేకు, అంటే జింకు పూత పూసిన ఇనుప రేకు. సోడా అల్యూమినియంను తిన్నట్టే జింకు పూతనూ తింటుంది, తర్వాతి వేసవికి రేకు తుప్పు రంధ్రాలు పడుతుంది. కూలర్ మీద మామూలు ఎనామిల్ ఏటా ఊడిపోవడానికీ జింకే కారణం, అది పూత అడుగున సబ్బు పుట్టిస్తుంది. ఊడుతున్న రంగును రిమూవర్‌తో తీసి, జీఐకి ప్రత్యేకంగా వచ్చే ప్రైమర్ వేశాకే పైరంగు వేయాలి.

హీట్ గన్, సాండ్ పేపర్, నెమ్మది మందులు

ఇంట్లోనే బిగించి ఉన్న దర్వాజ, ఊడదీయలేని కిటికీ చట్రం ఉంటే వేడిగాలి కొట్టే హీట్ గన్ బాగుంటుంది. 1500 నుంచి 2000 వాట్లది కావాలి. 2000 వాట్లంటే తొమ్మిది ఆంపియర్ల దాకా లాగుతుంది, కాబట్టి 16 ఆంపియర్ల పవర్ ప్లగ్గులోనే పెట్టాలి. బల్బుకు వాడే సన్న తీగ ఎక్స్‌టెన్షన్ కరిగిపోతుంది. వేడి 350 నుంచి 400 డిగ్రీల మధ్య, మూతి ఐదారు సెంటీమీటర్ల దూరంలో, కదుపుతూనే ఉండాలి. రంగు బుడగలెత్తి మెత్తబడగానే గీకాలి. పొగ వచ్చిందంటే వేడి ఎక్కువైందని. సీసం రంగైతే ఆ పొగే విషం. గాజు పక్కన రేకు అడ్డం పెట్టకపోతే పగులుతుంది. చెదలు తొలిచిన డొల్ల చట్రంలో నిప్పు రవ్వ కనబడకుండా రాజుకుంటుంది, పని ఆపాక గంట వరకు నీళ్ల బకెట్‌తో కనిపెట్టుకుని ఉండాలి. రిమూవర్ వాడిన చోట, అది పూర్తిగా కడిగి ఆరకముందు, హీట్ గన్ వద్దు. ఫాస్జీన్ సంగతి పైన చెప్పిందే. మంట చిమ్మే బ్లో ల్యాంప్ అసలు మాటే వద్దు.

సాండ్ పేపర్‌తో, గ్రైండర్‌తో పూర్తిగా తీయడం 2017 తర్వాత వేసిన రంగుకు మాత్రమే. గ్రైండర్‌కు బిగించే వైర్ కప్పు నుంచి తీగలు విరిగి ఎగురుతాయి, మొహానికి షీల్డు ఉండాలి. పాతదైతే తడిపే రుద్దాలి, పడిన బురదను తడి గుడ్డతో ఎత్తాలి, చీపురుతో ఊడ్చకూడదు.

బెంజైల్ ఆల్కహాల్‌తో చేసిన రిమూవర్లు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. ఖరీదు ఎక్కువ, పని నిదానం, రెండు గంటల నుంచి రాత్రంతా పడుతుంది. కానీ ఆ ద్రవం మరిగేది 200 డిగ్రీల పైన, కాబట్టి మన వేసవిలో ఎగిరిపోదు, ఆవిరీ చాలా తక్కువ. సాయంత్రం మందంగా పూసి పాలిథీన్ కప్పి తెల్లవారి గీకే పని. పసిపిల్లలున్న ఇంట్లో కడప కోసం, ఇంట్లోంచి కదలని చెక్కడాల దర్వాజ కోసం మా మొగ్గు దీనికే, డబ్బు ఎక్కువైనా సరే. కొనేటప్పుడు "మిథిలీన్ క్లోరైడ్ లేదు" అన్న మాట ఒక్కటే చూసి మురిసిపోవద్దు. అలాంటివాటిలో కొన్ని టొలుయీన్, మిథనాల్, ఎసిటోన్ల మిశ్రమాలు, పెట్రోలు లాగా అంటుకుంటాయి. ఎన్-మిథైల్ పైరోలిడోన్ ఉన్నది గర్భిణులకు, గర్భం కోరుకునేవాళ్లకు మంచిది కాదు.

ఏ వస్తువుకు ఏది

ఊడదీయగలిగే టేకు తలుపు, చలికాలం, ఖాళీ పెరడు: మిథిలీన్ క్లోరైడ్ రిమూవర్, ఆరుబయట. ఊడదీయలేని దర్వాజ: బెంజైల్ ఆల్కహాల్ మందు, లేదా హీట్ గన్. సాదా గ్రిల్లు, గేటు: కాస్టిక్. పౌడర్ కోటింగ్ గేటు: ఇంట్లో ప్రయత్నించకండి, ఇసుకతో కొట్టి తీసే బ్లాస్టింగ్ వర్క్‌షాపుకు పంపండి. ఇనుప బీరువా: తలుపులు బయట పెట్టి రిమూవర్, కానీ చాలావాటికి తడి సాండ్ పేపర్ సరిపోతుంది. అల్యూమినియం కిటికీ: రిమూవర్ మాత్రమే, పక్కనున్న రబ్బరు బీడింగ్ తీసేశాక. పెంబర్తి ఇత్తడి బొమ్మ మీద పాత లాకరు పసుపెక్కితే: థిన్నర్, మెత్తటి గుడ్డ, ఇంకేమీ వద్దు. నిర్మల్ బొమ్మకు, పాత రంగుల పెట్టెకు ఏదీ వాడొద్దు. దాని విలువంతా ఆ రంగులోనే ఉంది.

గోడ అడుగున వేసిన ఆయిల్ పెయింట్ పట్టీకి ఈ మందులేవీ వద్దు. పాత ఇళ్ల సున్నపు గచ్చు రిమూవర్‌నూ సోడానూ పీల్చుకుని ఏళ్లతరబడి వదులుతూ ఉంటుంది. ఊడుతున్నంత మేర పుట్టీ పట్టితో గీకి, మిగతాది తడిపి రుద్ది, ప్రైమర్ వేయడమే.

ఒంటి మీద పడితే, మిగిలింది ఎక్కడ పారేయాలి

పని మొదలుపెట్టే ముందే పక్కన నీళ్ల పైపు సిద్ధంగా ఉండాలి. ఏ మందు ఒంటి మీద పడినా తడిసిన బట్ట విప్పేసి 15 నిమిషాలు ధారగా నీళ్లు. కాస్టిక్ పడితే వెనిగర్ పోయకండి, నీళ్లే. కంట్లో పడితే రెప్పలు తెరిచి పట్టుకుని 20 నిమిషాలు కడిగి, ఆగకుండా వరంగల్ ఎంజీఎం లాంటి పెద్దాసుపత్రికి. కాస్టిక్ కంట్లో పడితే నొప్పి తగ్గినా లోపల కాలుతూనే ఉంటుంది. మింగితే వాంతి చేయించకూడదు. రిమూవర్ దగ్గర తల తిరిగినా, తాగినట్టు మత్తుగా అనిపించినా, వెంటనే దూరంగా గాలిలోకి. మనిషి పడిపోతే 108కు ఫోన్, డాక్టరుకు చూపించడానికి డబ్బా వెంట తీసుకెళ్లాలి.

గీకిన రిమూవర్ బురదను మోరీలో, బోరు పక్కన, చెరువు కట్ట మీద వేయకండి. మిథిలీన్ క్లోరైడ్ నీళ్లకంటే బరువు, భూమిలోకి దిగి నీటి అడుగుకు చేరుతుంది. రేకు తట్టలో పలుచగా పరిచి, పిల్లలూ కుక్కలూ రాని ఆరుబయట పూర్తిగా ఎండనిచ్చి, మందపాటి సంచిలో కట్టి, ఇంటి చెత్తతో కలపకుండా చెత్తబండి వాళ్లకు రంగు చెత్త అని చెప్పి ఇవ్వాలి. రంగు పెచ్చులనూ, రంగు వదలని పాత చెక్క ముక్కలనూ స్నానాల నీళ్లు కాచే పొయ్యిలో పెట్టడం మన ఊళ్లలో మామూలే. పాత రంగులోని సీసం ఆ పొగలోనూ బూడిదలోనూ ఉంటుంది, ఆ బూడిదతో అంట్లు తోమితే గిన్నెలకూ అంటుతుంది.